ఎర్రదారం బిళ్ళలు

దినం 9406

ఈ రిజిస్టరులో దీపాల సంగతి తప్ప మరొకటి రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చువేసి ఉంది. ఆ రూలు పెట్టిన మేనేజరు పోయిన ఓడలో వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆఫీసు కుర్చీ కూడా పట్టుకుపోయాడు. కుర్చీతో పాటు రూలూ పోయిందని నేను తీర్మానించుకున్నాను. ఇకమీదట నాకు తోచింది రాస్తాను.

నా పేరు ఓదెమ్మ. ఏడో బాయి ల్యాంపు గదిలో ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీ. భూమి మీద బొగ్గు తవ్విన మా పూర్వీకులు గనిని బాయి అనేవాళ్లట. మేము ఈ గాలిలేని బండ మీద నీలిరాయి తవ్వుతున్నా ఆ మాట మాత్రం వదల్లేదు.

ఈ పొద్దు రెండు వందల పద్నాలుగు దీపాలు తుడిచి ఛార్జింగు పెట్టాను. వాటిని తీసుకుని దిగింది అరవై మూడు మంది. మిగతావి ఎందుకు తుడిచావంటే చెప్పలేను. చెయ్యి ఊరుకోదు. కొత్త ఓడల ఇంజన్లకు నీలిరాయి అక్కర్లేదట. తవ్విందంతా గేటు బయట కుప్పపడి ఉంది. ఆ కుప్ప ఇప్పుడు మా కాలనీ కన్నా ఎత్తు.

దినం 9410

బాయి గేటు దగ్గర రెండు బోర్డులున్నాయి. దిగేవాడు తన ఇత్తడి బిళ్ళను 'బయట' బోర్డు నుంచి తీసి 'లోపల' బోర్డుకు తగిలించాలి. పైకొచ్చాక మళ్ళీ మార్చాలి. ఇది తాతల నాటి పద్ధతి. కంపెనీ చేసిందల్లా ఆ బోర్డుకు గాలి మిషనును కలపడమే. లోపల బోర్డు మీద ఎన్ని బిళ్ళలుంటే బాయిలోకి అంత గాలి. బోర్డు ఖాళీ అయితే ఫ్యాన్లు బంద్. షిఫ్టు అయిపోయి గంట దాటినా బిళ్ళ ఊగుతూ ఉంటే లోపల ఎవరో చిక్కుకున్నారని సైరన్ మోగుతుంది.

ఇంకో రూలుంది. దినానికి అరవై బిళ్ళలకు తగ్గకూడదు. వరసగా పది దినాలు తగ్గితే బాయి మూసేసినట్టు మిషనే లెక్కగట్టుకుని, ఖాళీ చేయించే ఓడను పిలుస్తుంది. కాళ్లావేళ్లా పడదామంటే అక్కడ మనిషి లేడు.

ఈ పొద్దు బోర్డు మీద యాభై ఎనిమిది.

నాకు నా గురించి బెంగ లేదు. ఎక్కడ పారేసినా దీపాలు తుడుస్తాను. మా తమ్ముడు గట్టయ్య గురించే నా భయమంతా. వాడు టింబర్‌మన్. అంటే బాయి కప్పు కూలకుండా ఊతలు నిలబెట్టేవాడు. ఇక్కడ కర్ర ఎక్కడిది, ఇనుప ఊతలే, అయినా పేరు మారలేదు. మూడేళ్ల కిందట ఛాతీలో నీలి దుమ్ము పేరుకుందని వాడిని అన్‌ఫిట్ చేసి, బిళ్ళకు చిల్లు కొట్టి చేతిలో పెట్టారు. ఓడ వస్తే పనిచేయగలిగినవాళ్లను తలా ఒక బండ మీదికి పంచుతారు. అన్‌ఫిట్ వాళ్లను నిద్రపెట్టెలో పడుకోబెడతారు. చోటు దొరికేదాకా అని కాగితంలో ఉంది. మూడో బాయి మూసినప్పుడు పడుకున్నవాళ్లు ఇరవై రెండేళ్లుగా పడుకునే ఉన్నారు.

"ఏం గాదక్కా. మంచిగ నిద్రపోత. నీ లొల్లి వినుడన్న తప్పుతది," అన్నాడు వాడు.

నాకు నవ్వు రాలేదు. చిన్నప్పటి నుంచి వాడికి తలుపు మూసిన గదిలో పడుకోవాలంటే భయం. యాభై నాలుగేళ్లొచ్చాయి, ఇప్పటికీ తలుపు ఓరగా పెట్టుకునే పడుకుంటాడు. వాడిని పెట్టెలో పెట్టి మూత వేస్తారట.

దినం 9418

మా ఆయన రాజలింగు పోయి ఎనిమిదేళ్లయింది. ఈ పొద్దు మళ్ళీ డ్యూటీ ఎక్కాడు.

మా దగ్గర మనిషి పోతే బిళ్ళను ఇంటివాళ్లకు ఇస్తారు. దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంటాం, పండుగకు కడిగి బొట్టు పెడతాం. పోయినవాడి బిళ్ళకు చిల్లు కొట్టడానికి వీల్లేదని మా తాతలు సమ్మె చేసి మరీ సాధించుకున్నారు. అందుకని చచ్చిపోయినవాడి బిళ్ళను మిషను లెక్కపెడుతుంది. బతికున్న గట్టయ్య చిల్లు బిళ్ళను లెక్కపెట్టదు. ఈ తెలివి ఎనిమిది దినాలు మథనపడ్డాక వచ్చింది నాకు.

మా ఆయనది ఎనభై ఎనిమిదో నంబరు. మా నాయనది పదిహేడు. రెండూ కొంగులో కట్టుకొచ్చి, అందరూ దిగాక లోపల బోర్డుకు తగిలించాను. అరవై. మిషను మీద ఎర్ర బల్బు ఆరి పచ్చబుగ్గ వెలిగింది.

దినం 9419

సర్దార్ మొగిలి ల్యాంపు గదిలోకి వచ్చి కేకలేశాడు. షిఫ్టుకు పెద్ద అతనే. అందరినీ పైకి పంపి ఆఖరున తాను ఎక్కాలి, బోర్డు చూసుకోవాలి, ఒక్క బిళ్ళ ఉన్నా మళ్ళీ దిగాలి.

"ఏం పనే ఇది ఓదెమ్మా? రెండు బిళ్ళలు ఊగుతుంటే నా పానం పోయినంత పనైంది. ఎవడు ఉండిపోయిండోనని మళ్ళ దిగి పడమర దిక్కంత తిరిగొచ్చిన!"

"నంబరు చూస్తే తెల్వదా? మా ఆయన నీ దోస్తే గదా?"

"బిళ్ళ కనవడితే నంబరు చూస్తరా ఎవరన్న? ఉరుకుతరు గని."

ఆ మాట నిజమే. అందుకని పోయినవాళ్ల బిళ్ళకు ఎర్రదారం కట్టాలని నేనే ఉపాయం చెప్పాను. దారం ఉంటే మొగిలి దిగనక్కర్లేదు. అతను పైకొచ్చాక, సైరన్ మోగేలోపు దారం బిళ్ళలను నేను తీసేస్తాను. మొగిలి గడ్డం గోక్కుని, ఊఁ అన్నాడు.

పిట్ సెక్రటరీ బానయ్యకు తెలిస్తే యూనియన్ పేరు చెప్పి గొడవ చేస్తాడనుకున్నాను. సాయంత్రం వచ్చి, మాట్లాడకుండా వాళ్ల నాయన బిళ్ళ నా బల్ల మీద పెట్టి పోయాడు.

దినం 9447

ఓడ వచ్చింది. మామూలుగా నలభై దినాలకు రావలసింది ఈసారి తొంభై దినాలకు వచ్చింది, సగం సరుకుతో. పోయేటప్పుడు పదహారు కుటుంబాలను ఎక్కించుకుపోయింది. బడి పంతులమ్మ కూడా పోయింది. పలకలన్నీ వరసగా పేర్చి, పైన గుడ్డ కప్పి పోయింది, సోమవారం మళ్ళీ వస్తానన్నట్టు.

క్యాంటీను మూసేశారు. క్వార్టర్లలో పదహారో లైను నుంచి ఇరవయ్యో లైను దాకా గాలి ఆపేశారు. ఆ లైన్ల వాళ్లు వచ్చి ఈ లైన్లలో ఇరుక్కున్నారు. ఒక్కో క్వార్టరులో రెండు పొయ్యిలు, నాలుగు పోట్లాటలు. పదేళ్లుగా ఒకరింటి కూర ఒకరింట్లో తిన్నవాళ్లు నీళ్ల పైపు కోసం జుట్లు పట్టుకున్నారు. విడదీయడానికి వెళ్లి నేనూ ఒకటి తిన్నాను.

బతికున్నవాళ్లు దిగింది నలభై నాలుగు. దారాలు పదహారు.

రాయి తూకం తగ్గినా మిషను ఊరుకోదు. అందుకని ఈ నలభై నాలుగు మందీ అరవై మంది రాయి తవ్వాలి. ఎవరూ కొనని రాయి. మొగిలి పైకొచ్చి బెంచీ మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి.

దినం 9463

పొద్దున దారం బిళ్ళలు తేవడం ఇప్పుడు ఒక వ్రతంలా అయిపోయింది. ఆడవాళ్లు తలకు పోసుకుని వస్తారు. లస్మక్క అయితే వాళ్లాయన బిళ్ళను నోటి దగ్గర పెట్టుకుని "పైలం" అని జాగ్రత్త చెప్పి మరీ ఇస్తుంది. వాళ్ల అత్త కాళ్లు పడిపోయిన మనిషి. అన్‌ఫిట్ జాబితాలో గట్టయ్య పేరు కింది పేరు ఆమెదే. అందుకే లస్మక్క ఒక్క పొద్దు కూడా ఆలస్యం చెయ్యదు.

నాకు రేషను లైనులో మూడు గంటలు నిలబడాల్సి వస్తోంది. గట్టయ్య తనంతట తానే అన్నాడు, "నువ్వు లైనుకు పో అక్కా. దారం బిళ్ళలు నేను తగిలిస్త. బావ బిళ్ళ తీసుడు గూడ నేనే చూసుకుంట. నాకు పొద్దు పోవద్దా?"

మూడేళ్లుగా గోడకు చేరగిలపడి కూర్చున్న మనిషి పని అడిగితే నా ప్రాణం లేచొచ్చింది. సరేనన్నాను.

మా క్వార్టరు నేల పగిలింది. పద్నాలుగో లైనంతా అలాగే ఉంది. మా కింద తూర్పు సెక్షన్. మనుషులు చాలక మూడు నెలలుగా అటు ఎవరూ వెళ్లడం లేదు, ఊతలు మార్చడం లేదు. పగులు ఎంతదాకా వచ్చిందో అక్కడ గట్టయ్య సుద్దముక్కతో గీత గీసి తేదీ వేశాడు. టింబర్‌మన్ అలవాటు. మేనేజరు పోయాక మనుషులను పనికి పంచేది బానయ్యే కాబట్టి, అతని దగ్గరికి వెళ్లి నలుగురిని ఇమ్మని అడిగాడు కూడా.

"నలుగురినిస్తే తూకం ఎవడు దెస్తడే గట్టన్నా? జర ఓపిక పట్టు," అని పంపేశాడట బానయ్య.

దినం 9475

ఎనభై ఎనిమిదో దీపం రోజూ సగం దిగిపోయి ఉంటోంది. ఎవరూ వాడనిది, ఎందుకు దిగిపోతోందో అర్థం కావడం లేదు. బ్యాటరీ ముసలిదైపోయి ఉంటుంది. మా ఆయనదే కదా, ఆయనలాగే మొండికేస్తోంది. ఛార్జింగులో ముందుగా దాన్నే పెడుతున్నాను.

గట్టయ్య కాలరు మీద నీలి దుమ్ము. అడిగితే కుప్ప దగ్గర ఊడుస్తున్నానన్నాడు. ఛాతీ పాడైనవాడికి దుమ్ములో పనేమిటని తిట్టాను. నవ్వుతూ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఈ మధ్య బాగా తింటున్నాడు.

నేల పగులు గీత దాటలేదు. పన్నెండు దినాలుగా ఆ సుద్ద గీత దగ్గరే ఆగి ఉంది.

దినం 9483

ఈ పొద్దు గట్టయ్య మీద బాగా కోపంగా ఉన్నాను. రెండింటికి షిఫ్టు అయిపోయింది. మొగిలి అందరినీ ఎక్కించి, బోర్డు చూసి, దారం లేనిది ఒక్కటీ లేదని సంతకం పెట్టి ఇంటికి పోయాడు. మా తమ్ముడి జాడ లేదు. వాడి బావ బిళ్ళ అలాగే ఊగుతోంది. రెండు నాళ్లు పని చేశాడు, మూడో నాడు పేకాటకు పోయుంటాడు. మూసిన క్యాంటీనులో అన్‌ఫిట్ వాళ్లంతా చేరి ఆడుతూ ఆడుతూ అక్కడే పడుకుంటారు.

రెండూ పదికి దారం బిళ్ళలన్నీ నేనే తీసేశాను. ఎనభై ఎనిమిది కూడా. బోర్డు ఖాళీ అయింది, ఫ్యాన్లు ఆగాయి. వాడు వచ్చాక చెప్తాను వాడి సంగతి.

దినం 9484

పొద్దున దీపాలు లెక్క చూసుకుంటే ఎనభై ఎనిమిదో దీపం స్టాండులో లేదు.

నిన్న సాయంత్రం చూడలేదు. వెనక్కి రావలసిన దీపాలు మాత్రమే చూసుకుంటాను నేను. పోయినవాళ్ల దీపాలు ఎక్కడికి పోతాయి?

క్యాంటీనుకు పరిగెత్తాను. వాడు నిన్న రాలేదన్నారు. మొన్నా రాలేదన్నారు. మూడు వారాలైందట వాడు పేకాటకు వచ్చి.

కాలరు మీద దుమ్ము, దిగిపోయిన దీపం, ఆగిపోయిన పగులు, బావ బిళ్ళ నేనే చూసుకుంటానన్న మాట, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వాడు రోజూ బావ బిళ్ళ మీద, బావ దీపంతో బాయిలోకి దిగుతున్నాడు. మొగిలి ఇంటి తలుపు బాదాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు.

దినం 9485

గట్టయ్య తూర్పు సెక్షన్‌లో దొరికాడు. సరిగ్గా పద్నాలుగో లైను కింద.

ఇరవై ఊతలు నిలబెట్టాడు. ఒక్కో ఊత మీద సుద్దతో తేదీ, పక్కన 'గ' అని. రోజుకొకటి. ఒక్కడే మోసి, ఒక్కడే ఎత్తి, ఒక్కడే బిగించాడు. ఇరవై ఒకటోది బిగిస్తుంటే పక్కన కప్పు జారింది. ఈ బండ మీద బరువు తక్కువ, కప్పు దబ్బున పడదు, మెల్లగా దిగుతుంది. వాడి మీద పడలేదు. వాడు ఉన్న మూలను మూసేసింది. పెట్టె మీద మూత వేసినట్టు.

ఒంటి మీద దెబ్బ లేదు. మొగిలి నా ముఖం చూడకుండా, "కప్పు జారంగనే పోయిండు అక్కా. నొప్పి తెల్వది వానికి," అన్నాడు. ఎన్నడూ నన్ను అక్కా అనని మనిషి.

నన్ను ఓదార్చాలని అన్నాడు. కానీ నేను ల్యాంపు గదిదాన్ని. దీపాన్ని ఎప్పుడు వెలిగించారో, ఎప్పుడు ఆర్పారో అన్నీ దీపంలోనే నమోదవుతాయి. ఎనభై ఎనిమిదిని తెచ్చి బల్ల మీద పెట్టి చూశాను. ఎనిమిదీ ఇరవైకి వెలిగించాడు. పదకొండూ అయిదుకు ఆర్పాడు, ఛార్జింగు దాచుకోవడానికి. తరువాత అరగంటకోసారి ఒక్క నిమిషం వెలిగించాడు. ఆఖరుసారి వెలిగించింది సాయంత్రం అయిదూ నలభైకి.

రెండూ పదికి నేను గాలి ఆపాను.

వాడికి ఫ్యాను చప్పుడు ఆగడం వినిపించే ఉంటుంది. షిఫ్టు అయ్యాక బావ బిళ్ళ ఇంకా ఊగుతూ ఉంటుంది, గంటలో సైరన్ మోగుతుంది, మొగిలి వస్తాడు అని ధైర్యంగా కూర్చుని ఉంటాడు. ఆ బిళ్ళను ఎవరు తీశారో కూడా తెలిసే ఉంటుంది. మూడున్నర గంటలు, చీకట్లో, తలుపు లేని చోట. వాడిని పెట్టెలో పెట్టనివ్వకూడదని నేను ఇదంతా మొదలుపెట్టాను. ఆ దారం నేను కట్టాను. ఆ బిళ్ళ నేను తీశాను. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను.

ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే బయట ఎవరూ నన్ను ఆ మాట అననివ్వడం లేదు.

దినం 9489

ఈ బండ మీద తవ్వడానికి మన్ను లేదు. గట్టయ్యను నీలిరాయి కుప్పలో పెట్టాం. ఇన్నాళ్లకు ఆ రాయి ఒక పనికొచ్చింది.

ఎనభై ఎనిమిదో దీపం కనబడని పొద్దు నుంచి నేను ల్యాంపు గది తెరుస్తున్నాను, దీపాలు ఇస్తున్నాను, దారం బిళ్ళలు తగిలించడం లేదు. బోర్డు మీద ముప్పై తొమ్మిది. ఎర్రబుగ్గ వెలుగుతోంది. ఈ పొద్దుతో ఆరు దినాలు.

బానయ్య వచ్చాడు. "తప్పు నీ ఒక్కదానిది గాదు అక్కా. నలుగురు మనుషులు ఇయ్యలే నేను. నన్ను తిట్టు," అన్నాడు.

తిట్టాను. పాపం, నిలబడి అన్నీ విన్నాడు. తరువాత ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

దినం 9490

లస్మక్క వచ్చింది. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది. కొంగులో బిళ్ళ ఉందని నాకు తెలుసు.

"అక్కా, అడగద్దనే ఉన్న. నోరు రాలే ఇన్ని దినాలు," అంది.

"మరి ఎందుకొచ్చినవ్?"

"మా అత్త బట్టలు సర్దుకుంటున్నది. పెట్టెల పండవెడితే ఏ చీర కట్టాల్నని అడిగింది నన్ను." కొంగు ముడి సవరించుకుంది. "పదకొండు మంది ఉన్నరక్కా ఆ జాబితల. గట్టన్న పోంగ పది."

నాకు లస్మక్క మీద మండిపోయింది. నా తమ్ముడి పేరు తీసేసి లెక్క చెప్పింది కదా అని. ఆ పది మందిలో ఒక్కరు కూడా నా తమ్ముడు కారు కదా అని. తరువాత నా మీద నాకే అసహ్యమేసింది.

"మిగిలిన మూడు దినాల్ల నీ మనసు మారకుంటే నేనేం అనను," అని ఆమె వెళ్లిపోయింది. బిళ్ళ గడప మీద పెట్టి పోయింది.

ఇంటికి వెళ్లి నేల మీద పగులు చూశాను. వాడు గీసిన గీత దగ్గరే ఉంది. వెంట్రుకంత కూడా కదల్లేదు. మా లైనులో నూట పది మంది ఆ నేల మీద వండుకుంటున్నారు, పడుకుంటున్నారు.

దినం 9492

దారం బిళ్ళలు తగిలించాను. పచ్చబుగ్గ వెలిగింది.

కానీ ఇప్పుడు పద్ధతి మార్చాను. మొగిలితో, బానయ్యతో చెప్పే చేశాను, ఎవరూ కాదనలేదు. షిఫ్టు అయ్యాక సైరన్‌కు గంట సమయం ఉంటుంది. ఎవరైనా లోపల ఉండిపోయారేమో చూడడానికి ఆ గంట నాది. నా బిళ్ళ తగిలించి, ఎనభై ఎనిమిదో దీపం పట్టుకుని దిగుతాను. తూర్పు దిక్కుకు నలుగురు టింబర్‌మన్లను వేశారు. తూకానికి మిగతావాళ్లు ఇంకో గంట ఎక్కువ తవ్వుతున్నారు.

దినం 9540

మళ్ళీ ఓడ వచ్చి పోయింది. బానయ్య కుటుంబం కూడా పోయింది. వాళ్ల నాయన బిళ్ళ మాత్రం నాకే వదిలి వెళ్లాడు. బతికున్నవాళ్లు ఇరవై ఆరు. దారాలు ముప్పై నాలుగు. మొత్తం అరవై. లస్మక్క అత్త బట్టల మూట విప్పేసింది.

ముప్పై అయిదో దారం ఒకటుంది. చిల్లు బిళ్ళ. దాన్ని మిషను లెక్కపెట్టదు. అయినా మా ఆయన బిళ్ళ పక్క కొక్కేనికి రోజూ తగిలిస్తాను.

రెండింటికి దిగుతాను. పడమర నుంచి తూర్పు దాకా నడుస్తూ, ప్రతి మలుపు దగ్గర ఆగి, దారం కట్టిన పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలుస్తాను. మా నాయనను పిలుస్తాను. రాజలింగును పిలుస్తాను. లస్మక్క మొగుణ్ణి పిలుస్తాను. ఒక్కో పేరుకు పది అంకెలు లెక్కపెట్టుకుని చెవి పెట్టి వింటాను. గట్టయ్యను అందరికన్నా ఆఖరున, ఇరవై ఒకటో ఊత దగ్గర నిలబడి పిలుస్తాను. వాడికి మాత్రం పది కాదు, ఊపిరి బిగబట్టుకోగలిగినంతసేపు ఆగుతాను.

ఎవరూ పలకరు. అప్పుడు పైకొచ్చి, సైరన్‌కు ఇంకా ఆరు నిమిషాలుండగా, బిళ్ళలు ఒక్కొక్కటే తీస్తాను.